కొంగు మీది రవీంద్ర

దేశంలో ఏ మూల దుఃఖం పుట్టినా దానికి రంగులద్ది, అంచు కట్టి, ఐదున్నర మీటర్లకు కత్తిరించి, అట్టపెట్టెలో మడతపెట్టి పంపే బాధ్యతను సూరత్ నగరం ఎప్పుడో నెత్తికెత్తుకుంది. ఇందుకోసం ఆ నగరాన్ని ఎవరూ అడగలేదు. (అడిగితే చేసే పని ఎవరైనా చేస్తారు.)

ఈ పనికి బజారులో కొన్ని కట్టుబాట్లున్నాయి. వరద వస్తే నీలి అంచు. భూకంపం వస్తే నేల పగిలినట్టు గీతలు, మధ్యమధ్య చిన్న పువ్వు. రైలు ప్రమాదానికి చీర లేదు. అచ్చులు తయారయ్యేలోపే ఇంకో ప్రమాదం జరిగి మొదటిది పాతబడుతుంది కాబట్టి వ్యాపారికి గిట్టదు. ప్లేగు సాక్షాత్తు సూరత్‌లోనే వచ్చింది గాని దానికీ చీర లేదు. సొంతింటి దుఃఖానికి గిరాకీ ఉండదని పెద్దలు తేల్చారు. అన్నిటికన్నా మేలురకం సరుకు యుద్ధం. అందులో కొండలుంటాయి, జెండా ఉంటుంది, మంచు ఉంటుంది. మంచు డిజైను ఎండాకాలంలో కంటికి చల్లగా కూడా ఉంటుంది.

అందుచేత తొంభై తొమ్మిదిలో కార్గిల్ యుద్ధం వచ్చినప్పుడు రింగ్ రోడ్డు మార్కెట్‌లో కీర్తిభాయ్ అనే చీరల వ్యాపారి కన్నీళ్ళు తుడుచుకుని, దుకాణం మీది అంతస్తులో 'స్మృతి విభాగం' తెరిచాడు. ఆ విభాగం పని అమరవీరులను సేకరించడం, సరిచేయడం, భద్రపరచడం. అక్కడినుంచి వచ్చిన మొదటి చీర పేరు 'వీరమాత'.

ఆ చీర కొంగు మీదికి సూరత్‌లోనే నవాగామ్ బస్తీలో ఉండే రుచిత అన్న ఎలా ఎక్కాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

రుచితకు పదిహేనేళ్ళు. సిరిసిల్ల దగ్గరి ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివి, తర్వాత అమ్మానాన్నల దగ్గరికి సూరత్ వచ్చింది. తండ్రి పరమేశ్వర్ మరమగ్గాల మీద పని చేస్తాడు. తల్లి ఎల్లవ్వ, రుచిత ఇంట్లో కూర్చుని చీరలకు టిక్కీలు అంటిస్తారు. టిక్కీలంటే మెరిసే చిన్న రాళ్ళు. గోటితో జిగురు ముట్టించి, పువ్వు నడుమ ఒకటి, ఆకు కొసన ఒకటి పెట్టాలి. రుచితకు ఈ పని నచ్చేది. టిక్కీలతో మాట్లాడాల్సిన పని ఉండదు. మనుషులతో ఒక మాట అనాలంటే ఆ పిల్ల ముందు దాన్ని లోపల రెండుసార్లు చదువుకుంటుంది. ఈలోపల మనుషులు వెళ్ళిపోతారు.

అన్న రవీంద్ర అలా కాదు. మగ్గం చప్పుడుకన్నా ఇంజను చప్పుడు నయమని బట్టల లారీల మీద డ్రైవింగు నేర్చుకుని, మిలిటరీలో డ్రైవరుగా చేరాడు. యుద్ధం నెలల్లో అతను కొండల మీదికి ట్రక్కు నడిపాడు. ట్రక్కులో ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు. ఒక మలుపులో రోడ్డు అంచు విరిగి ట్రక్కు లోయలో పడింది. ఇంటికి పెట్టె వచ్చింది. దాన్ని తెరవనివ్వలేదు.

పెట్టె వచ్చిన వారానికి సూర్యప్రకాశరావు ఒక విలేకరిని వెంటబెట్టుకుని వచ్చాడు. సూర్యప్రకాశరావు రైల్వేలో ఆఫీసరు, ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. యుద్ధం మొదలుకాగానే 'అమరవీరుల సంస్మరణ ఉపసంఘం, తెలుగు విభాగం' ఏర్పాటు చేసి తనను తానే అధ్యక్షుడిగా నియమించుకున్నాడు. నెల గడిచినా విభాగంలో ఒక్క అమరవీరుడూ లేక ఆయన చాలా ఇబ్బంది పడుతుండగా రవీంద్ర కబురు తెలిసింది.

విలేకరి కెమెరా సరిచేసుకుని ఎల్లవ్వ ముందు కూర్చున్నాడు. కాసేపు చూశాడు. గడియారం చూసుకున్నాడు.

"కొంచెం ఏడిస్తే బాగుంటుందమ్మా," అన్నాడు సూర్యప్రకాశరావు మెల్లిగా.

"ఇప్పుడు రాదు సారు," అంది ఎల్లవ్వ. "పొద్దుగాల వచ్చింది."

విలేకరి కాగితం మీద రాసుకుంటూ, "ట్రక్కులో ఏమున్నాయి?" అని అడిగాడు.

"ఉల్లిగడ్డలట. ఆలుగడ్డలు గూడ," అన్నాడు పరమేశ్వర్.

విలేకరి రాయడం ఆపాడు. ఉల్లిగడ్డలకు ఆయన పత్రికలో వేరే పేజీ ఉంది. మర్నాడు వచ్చిన వార్తలో ట్రక్కు నిండా తూటాలున్నాయి, రవీంద్ర దాన్ని శత్రువు మీదికి నడిపాడు. ఆ పేజీకి 'సమర్పణ: కీర్తిభాయ్' అని కింద చిన్నగా ఉంది.

వెళ్ళేముందు విలేకరి ఫోటో అడిగాడు. ఇంట్లో ఉన్నది ఒకటే. బడి ఫోటోలు, పెళ్ళిళ్ళ ఫోటోలు నిరుడు వానలకు ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో తడిసి అట్టలు కట్టాయి. ఈ ఒక్కటీ మిలిటరీకి పోయే ముందు ఆదివారం డుమస్ సముద్రం ఒడ్డున తీసింది. డబ్బులిస్తే అక్కడికక్కడే కెమెరాలోంచి బయటికి లాగి చేతిలో పెట్టే రకం. అలాంటి దానికి నెగెటివ్ ఉండదు, రెండో కాపీ ఉండదు. అందులో రవీంద్ర టమాటా భజియా, అంటే మన బజ్జీ, నోట్లో పెట్టుకుని, ఒక చెంప ఉబ్బి, నవ్వుతున్నాడు. పక్కన ఎల్లవ్వ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేపే తెచ్చిస్తామమ్మా, నాది పూచీ," అన్నాడు సూర్యప్రకాశరావు.

ఆ 'రేపు' వానాకాలమంతా రాలేదు. దానికి బదులుగా చీరలు వచ్చాయి.

కొత్త కట్ట విప్పి రుచిత మొదటి చీర పరిచింది. కుచ్చిళ్ళ దగ్గర మంచుకొండలు, అంచు పొడవునా తుపాకులు, కొంగు మీద పళ్ళెమంత పెద్దగా ఒక సైనికుడి ముఖం. గుబురు మీసం, చెక్కినట్టున్న దవడ, చూపు ఆకాశం మీద.

"ఎవరే ఈ పిల్లగాడు? సినిమాలోడా?" అంది ఎల్లవ్వ.

రుచిత ముఖం కింద అచ్చుపడిన హిందీ అక్షరాలు చదివింది. లోపల రెండుసార్లు చదువుకుంది. తర్వాత కూడా బయటికి అనబుద్ధి కాలేదు.

"అన్నటమ్మా."

ఎల్లవ్వ కొంగును దగ్గరికి లాక్కుని చాలాసేపు వెతికింది. మీసాల కింద, దవడ పక్కన, అంతటా. చివరికి, "చెవులు జర వానియే ఉన్నట్టున్నయి," అంది.

సరుకుతోపాటు వచ్చిన ఆదేశం ప్రకారం వీరుడి ఒక్కో కంటి కింద ఒక్కో తెల్ల టిక్కీ అంటించాలి. అది కన్నీటి బొట్టు. మొదట కంటికి రెండేసి బొట్లు అనుకున్నారట గాని, అంత ఏడిస్తే వీరుడిలా ఉండడని స్మృతి విభాగం తగ్గించింది. తల్లీకూతుళ్ళు ఆ వారమంతా రవీంద్రకు కన్నీళ్ళు అంటించారు.

"ఫోటో సంగతి అడగవే బాపును," అంది ఎల్లవ్వ ఒకరోజు. "వాని మొఖం యాదికి తెచ్చుకుందామంటే ఈ మీసాలోడు అడ్డమొస్తుండు."

రుచిత టిక్కీ కింద పెట్టింది. తనకూ రెండు రోజులుగా అదే జరుగుతోంది. కళ్ళు మూసుకుంటే అన్న రావడం లేదు.

పరమేశ్వర్ వెళ్ళి అడిగాడు. సూర్యప్రకాశరావు భుజం తట్టి పంపాడు. ఫోటోను మామూలుగా ఇచ్చేయడం వీరుడికి అవమానమని, సభ పెట్టి వేదిక మీద ఇస్తామని చెప్పాడు. వీరమాతకు చీర పెట్టడం కూడా అప్పుడేనట.

"చీర వద్దని చెప్పకపోయినవా?" అంది ఎల్లవ్వ.

"చీర లేకుంటే సభ లేదట. సభ లేకుంటే ఫోటో లేదట."

సభ ఘనంగా జరిగింది. కేబుల్ టీవీ వాళ్ళు వచ్చారు. ఎల్లవ్వను పక్కగదిలోకి పంపి చీర కట్టుకుని రమ్మన్నారు. కట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుంది. చప్పట్లు మొదలై సగంలో ఆగిపోయాయి.

రవీంద్ర కనబడలేదు.

జరిగిన పొరపాటు చిన్నదే. గుజరాతీ ఆడవాళ్ళు కొంగును వెనకనుంచి కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి ఎదురుగా పరుచుకుంటారు. డిజైను గీసినవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళంతా అలాగే కడతారు కాబట్టి ప్రపంచమంతా అలాగే కడుతుందని వాళ్ళు నమ్మారు. మన ఆడవాళ్ళ కొంగు ఎడమ భుజం మీదుగా వెనక్కి పోతుంది. అందుచేత గుజరాత్‌లో గుండెల మీద వెలిగే వీరుడు తెలుగుదేశంలో వీపు మీద వేలాడతాడు. కూర్చుంటే కిందికి పోతాడు.

కీర్తిభాయ్ ముందుకు వంగి, "బెన్, బేటా కిధర్ హై?" అన్నాడు, కొడుకు ఎక్కడని.

"నేనూ గదే అడుగుతున్న భాయ్," అంది ఎల్లవ్వ. "యాడ పెట్టిండ్రు ఫోటో?"

సూర్యప్రకాశరావు పరుగున వచ్చాడు. "అమ్మా, మీరు అబ్బాయి మీద కూర్చున్నారు. కొంచెం లేవండి."

వేదిక మీదే ఉపసంఘం అత్యవసర సమావేశం జరిగింది. కొంగు ముందుకు వేసుకోమని ఎల్లవ్వను బతిమాలారు. "పుట్టినకాడికెళ్ళి ఇట్లనే కట్టిన సారు. ముందటికేస్తే కాళ్ళల్ల పడి బోర్లా పడ్త," అందామె. చివరికి ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేశారు. దాని ప్రకారం ఎల్లవ్వ సభకు వీపు పెట్టి నిలబడింది. ప్రసంగాలన్నీ ఆ వీపుకే చేశారు. దండ కూడా వెనకనుంచే వేశారు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేనందువల్ల ఎల్లవ్వ ఆ సాయంత్రమంతా గోడకు ఉన్న స్విచ్చుబోర్డును చూసింది. (కెమెరామన్ తరువాత చెప్పాడు, ఇన్నాళ్ళ తన అనుభవంలో ఇంత కదలకుండా నిలబడ్డ తల్లిని చూడలేదని.)

ఆఖరున బహుమతి ఇచ్చారు. బంగారురంగు ఫ్రేములో మీసాల వీరుడు.

"ఇది కాదు సారు," అంది ఎల్లవ్వ. "మాది చిన్నగుంటది. భజియా తింటుంటడు."

"అది స్మృతి విభాగంలో భద్రంగా ఉందమ్మా. ఇలాంటి చోట భజియా ఏం బాగుంటుంది చెప్పండి."

తరువాతి కాలంలో తల్లీకూతుళ్ళు స్మృతి విభాగానికి వెళ్ళిరావడం అలవాటు చేసుకున్నారు. అక్కడ టోకెను తీసుకుని బల్ల మీద కూర్చోవాలి. విభాగం అధికారి అల్పేశ్ మర్యాదస్తుడు. వచ్చినవాళ్ళందరిచేతా ముందు రెండు నిమిషాలు మౌనం పాటింపజేస్తాడు, తర్వాత రేపు రమ్మంటాడు. దేశంలో ఎక్కడైనా పెద్దవాళ్ళు పోతే సంతాపంగా కౌంటరు మూస్తాడు. ఎల్లవ్వ ఆ బల్ల మీద కూర్చుని, మౌనం పాటించి, లేచి వచ్చేది. పని పోయిన పూటల్లో పరమేశ్వర్ గొణిగేవాడు.

"ఇడిసిపెట్టరాదే. పోయినోడు ఫోటో వస్తే వస్తడా?"

"వాడు రాడు. మొఖమన్న రావాలె గద," అనేది ఎల్లవ్వ.

ఈలోపల వీరమాత చీరకు కరీంనగర్, వరంగల్ నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. అక్కడి ఆడవాళ్ళు పనిలో పడితే కొంగు నడుముకు చెక్కుకుంటారు. దాంతో వీరుడు మెడ దాకా లోపలికి పోతున్నాడు. కొంగు చివర చిల్లర ముడివేస్తే ముక్కు కనబడటం లేదు. ఒక వ్యాపారి మరీ కచ్చితంగా రాశాడు: మీ వీరుడి కళ్ళ కింద రాళ్ళ వల్ల పిల్లల ముక్కులు తుడిస్తే గీసుకుపోతున్నాయి, దయచేసి సరుకు వాపసు తీసుకోండి. కట్టలు కట్టలుగా రవీంద్ర సూరత్‌కు తిరిగి వచ్చాడు.

అంతలో ఒడిశాలో తుఫాను వచ్చింది.

దీపావళి ముందు తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి స్మృతి విభాగంలో పెట్టెలు నడవాలోకి ఈడుస్తున్నారు. అల్పేశ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. గోడల మీది కొండలు దించి అలలు తగిలిస్తున్నారు. ఆ రోజు మౌనం కూడా పాటించలేదు, తీరిక లేక.

"తుఫానుకు జాగా కావాలి బెన్," అన్నాడతను గుజరాతీలో. "కార్గిల్ ఖాళీ చేస్తున్నాం."

రుచిత కళ్ళు అప్పటికే ఒక పెట్టె మీద ఉన్నాయి. పైనే ఉంది. తెల్లటి మందపు అంచు, నీలి సముద్రం. ఆ పిల్ల చెయ్యి ఎత్తి చూపించింది. అల్పేశ్ దాన్ని తీసి దీపం కింద పట్టుకున్నాడు. బీరువాలోంచి ఆమోదం పొందిన ముఖం తీసి పక్కన పెట్టాడు. చాలా శ్రద్ధగా పోల్చాడు.

"మీసం లేదు. దవడ లేదు. కుడి చెంప వాచింది. చూపు ఆకాశం మీద లేదు, కెమెరామన్ మీద ఉంది." తల అడ్డంగా ఊపాడు. "ఇది ఇందులోకి ఎలా వచ్చింది?"

తరువాత నియమం చెప్పాడు. వీరుల ఫోటోలు దేశం ఆస్తి. దేశానికి పెట్టుకోవడానికి చోటు లేదు కాబట్టి కీర్తిభాయ్ దగ్గర ఉంటాయి. వాటిని ఎవరికీ, కన్నవాళ్ళకైనా సరే, ఇవ్వడానికి వీల్లేదు. వీరుడిది కాని ఫోటో చెత్త. చెత్తను ఎవరైనా పట్టుకుపోవచ్చు. కాకపోతే అది వీరుడిది కాదని తెలిసినవాళ్ళు ఒకరు చెప్పాలి, వేలిముద్ర వేయాలి.

"చెప్పండి. ఇతను వీరుడు రవీంద్రేనా?"

ఎల్లవ్వ కూతురి వైపు తిరిగింది. "ఏమంటుండు బిడ్డా?"

రుచిత లోపల ఒకసారి చదువుకుంది. రెండోసారి చదువుకుంది. ఎన్నిసార్లు చదువుకున్నా ఆ మాట మెత్తబడలేదు.

"వీడు మన అన్న కాదని చెప్తే ఇస్తరటమ్మా. అన్ననే అంటే ఇయ్యరట."

ఎల్లవ్వ బీరువాలోంచి తీసిన మీసాల ముఖం వంక చూసింది. నడవాలో కూలీలు పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు. అల్పేశ్ మర్యాదగా ఎదురుచూశాడు.

"గా చీర మీదోడు భజియా తింటడా, అడుగు," అంది చివరికి.

రుచిత అడిగింది. ఈసారి లోపల చదువుకోకుండానే అడిగింది.

అల్పేశ్ కొంచెం నొచ్చుకున్నాడు. "వీరులు తినరు బెన్."

"నవ్వుతడా?"

"నవ్వరు."

"మరి ఆడు మావోడు కాదు," అంది ఎల్లవ్వ. "మావోడు వేరు. రాసుకొమ్మను."

అల్పేశ్ రాసుకున్నాడు. ఎల్లవ్వ బొటనవేలు సిరాలో ముంచి వేసింది. వేసిన వేలిని కొంగుకు తుడుచుకుంది. (అది పాత నేత చీర. దాని మీద ఎవరూ లేరు.)

షటిల్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ఇద్దరూ ఫోటో చూసుకున్నారు. రవీంద్ర తల చుట్టూ ఎవరో పెన్నుతో గీత గీశారు. పక్కన ఎల్లవ్వ ముఖం మీద ఎర్ర పెన్సిలుతో పెద్ద అడ్డగీతలు కొట్టారు. నవ్వే తల్లి అవసరం లేదని ఆర్టిస్టుకు గుర్తు కోసం.

"ఇంటికి పోయి నూనెతో తుడుస్తనమ్మా."

"వద్దు. ఎరుపు వాని మీదికి పాకితే? నా మొఖం అద్దంల కనిపిస్తనే ఉంటది."

మర్నాడు సూర్యప్రకాశరావు వచ్చాడు. ఆయన గొంతులో బాధ ఉంది.

"ఎంత పని చేశారమ్మా. మీరు వీరమాత పదవికి రాజీనామా చేసినట్టు లెక్క. దీపావళికి టీవీలో ప్రత్యేక కార్యక్రమం ఉంది, వాపసు వచ్చిన చీరలన్నీ సగం ధరకు పెడుతున్నారు. తల్లి లేకుండా ఎలా?"

"చాయ్ తాగుతరా సారు?" అంది ఎల్లవ్వ.

ఆయన గోడ వైపు చూశాడు. ఫోటోను ఎల్లవ్వ గోడకు కొట్టలేదు, బియ్యం డబ్బా మీద నిలబెట్టింది. వంట చేస్తూ చూడటానికి వీలుగా. ఆయన చాయ్ తాగి, తెలుగు విభాగంలో అమరవీరుల సంఖ్య మళ్ళీ సున్నాకు వచ్చిందని బాధపడుతూ వెళ్ళిపోయాడు.

తల్లి పదవి ఎక్కువ రోజులు ఖాళీగా ఉండలేదు. తుఫాను పడిన ఊళ్ళనుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసే ఒడియా వాళ్ళ బస్తీనుంచి ఒకామెను తెచ్చారని బజారులో చెప్పుకున్నారు. దీపావళి సాయంత్రం పక్కింట్లో టీవీ ముందు వాడకట్టు వాళ్ళంతా కూర్చున్నారు. ఎల్లవ్వ గడప దగ్గర, ఆమె వెనక రుచిత.

కొత్త వీరమాత తెర మీదికి వచ్చింది. కొంగు ముందుకే వేశారు, రవీంద్ర మీసాలతో సహా చక్కగా కనబడ్డాడు. ఆమె దీపం వెలిగించబోయి, వెలిగించలేక, అగ్గిపుల్ల పట్టుకునే కూలబడి ఏడ్చింది. వినేవాళ్ళ కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టు ఏడ్చింది. ఎవరూ నేర్పితే వచ్చే ఏడుపు కాదది. పక్కనున్న యాంకరు చిరునవ్వుతో తల ఊపింది. పక్కింటామె ముక్కు చీది, "మస్తు ఏడుస్తుంది," అంది.

ఎల్లవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాపం, గామెకు ఎవరు పోయిండ్రో," అంది. "జర అడుగుండ్రి ఎవరన్న."

అడగడానికి కార్యక్రమంలో సమయం లేదు. సబ్బు ప్రకటన మొదలైంది.